నివురు కప్పని నిప్పు

జంషెడ్‌పూరులో బర్మామైన్స్ అనే పేట ఒకటి ఉన్నది. పేరు వినగానే బర్మా దేశమూ, గనులూ మనసుకు వస్తాయి. అక్కడ ఆ రెండింటిలో ఏదీ లేదు. బర్మాలో గనులు నడిపిన ఒక కంపెనీ ఇక్కడ జింకు కర్మాగారం స్థాపించదలచిన నాటి గుర్తుగా ఆ పేరు మిగిలిపోయిందని చెబుతారు. ఒకవంక ఉక్కు కర్మాగారం, ఇంకొకవంక టాటానగర్ రైల్వే స్టేషను. 1907లో టాటాల ఉక్కు కంపెనీ ఏర్పడి, 1912లో ఉక్కు ఉత్పత్తి ఆరంభమైన తరువాత, ఉత్తరాంధ్ర పల్లెలనుంచి పని వెదుక్కొంటూ వచ్చి ఈ ఊరిలో స్థిరపడిన తెలుగు కుటుంబాలు అనేకం. తాతలు కొలిమి ముందు నిలబడ్డారు. మనుమలు, మనుమరాండ్రు లాప్‌టాప్ ముందు కూర్చుంటున్నారు.

అటువంటి ఇల్లు ఒకటి ఊహించుకొందాం. కాలేజీలో చదువుకొంటున్న అమ్మాయి ఒకనాటి సాయంకాలం తండ్రితో అంటుంది: “నాన్నా, నిన్నటిదాకా ఈ బ్యాటరీ ఎనిమిది గంటలు వచ్చేది. ఇవాళ మూడు గంటలకే అయిపోయింది. చేతితో పట్టుకొంటే అడుగున కాలుతున్నది కూడాను.”

“కొని రెండేళ్లయింది కదమ్మా, బ్యాటరీ పోయి ఉంటుంది. ఆదివారం సాక్చీ తీసుకువెళ్దాంలే.”

సాక్చీ బజారులో మరమ్మతు చేసే కుర్రవాడు కూడా అదే మాట చెబుతాడు. కొత్త బ్యాటరీకి కొన్ని వేల రూపాయలు. తండ్రి డబ్బు లెక్కపెట్టి ఇస్తాడు. వారం తిరిగేసరికి కొత్త బ్యాటరీ కూడా మూడు గంటలకే అయిపోతుంది.

ఇందులో గమనింపదగిన మాట ఒక్కటే: “నిన్నటిదాకా.” బ్యాటరీ ముసలిదైనప్పుడు నెలల తరబడి కొంచెం కొంచెంగా క్షీణిస్తుంది. ఎనిమిది గంటలు ఏడున్నర అవుతుంది, ఏడవుతుంది. ఒక్క రాత్రిలో సగానికి పైగా పోవటం దాని స్వభావం కాదు. ఆ రాత్రి మారినది వేరొకటి అయి ఉండవచ్చు. అమ్మాయి నిద్రపోతున్న వేళ యంత్రం తనంతట తాను ఇంటర్నెట్ నుంచి ఒక కొత్త ప్రోగ్రామును దింపుకొని, పాతదాని స్థానంలో పెట్టుకొన్నది. దాని పేరు గ్రాఫిక్స్ డ్రైవర్.

బర్మామైన్స్ వంటి పేటలో డ్రైవర్ అంటే లారీ నడిపేవాడే. ఆ అర్థం ఇక్కడ కూడ పూర్తిగా తప్పు కాదు. లాప్‌టాప్‌లో తెరమీద బొమ్మలు గీయటానికి ప్రత్యేకంగా ఒక చిప్ ఉంటుంది. ఒకప్పుడు అది గీతలూ అక్షరాలూ మాత్రమే చూపేది. ఇప్పుడు వీడియోలు విప్పి చూపటం, ఆటలలోని దృశ్యాలను నిర్మించటం, లెక్కలు చేయటంకూడా దాని పనే. ఆ చిప్‌కు మన భాష రాదు. విండోస్, లైనక్స్ వంటి నిర్వహణ వ్యవస్థలకు ఆ చిప్ లోపలి కీలకాలు తెలియవు. ఇరువురి నడుమ కూర్చుండి, ఎప్పుడు ఎంత వేగంతో పోవాలో, ఎప్పుడు ఆగాలో చెప్పే ప్రోగ్రామే డ్రైవర్. ఫ్యాక్టరీ గేటు ముందు వరుసలో వేచి ఉన్న లారీ కదలకపోయినా, ఇంజను ఆపకపోతే డీజిలు ఖర్చవుతూనే ఉంటుంది. ఆ ఇంజను ఆపవలసిన బాధ్యత లారీది కాదు, డ్రైవరుది.

జనసామాన్యానికి తెలియని సంగతి ఏమిటంటే, నేటి డ్రైవరుకు చిప్‌చేత పని చేయించటం కన్న దానిని నిద్రపుచ్చటమే కష్టమైన విద్య. మన పెద్దలు రాత్రి వంట ముగిసిన తరువాత పొయ్యిలోని నిప్పును పూర్తిగా ఆర్పేవారు కారు. పైన బూడిద కప్పి ఉంచేవారు. కట్టెలు ఖర్చుకావు, తెల్లవారి ఊదితే రాజుకొంటుంది. పెద్ద ఉక్కు కర్మాగారంలోని బ్లాస్ట్ ఫర్నేసునైనా అంతే. రోజూ ఆర్పి వెలిగించటం సాధ్యం కాదు గనుక, పని ఆపవలసి వచ్చినప్పుడు గాలి తగ్గించి, మూసి, వేడి నిలిచేటట్లు మాత్రం కాపాడతారు. గ్రాఫిక్స్ చిప్‌కు నివురు కప్పేది డ్రైవర్. అది కప్పటం మరచినా, భయపడి మానినా, చిప్ ఏ వంటా లేకుండానే మండుతూ ఉంటుంది.

ఈ నిద్ర ఎంత సూక్ష్మమైనదో చెబితే ఆశ్చర్యం కలుగుతుంది. మామూలు తెర సెకనుకు 60 సార్లు బొమ్మను మార్చుకొంటుంది. అంటే ఒక బొమ్మకూ మరొక బొమ్మకూ నడుమ 16 మిల్లీసెకన్ల పైచిలుకు వ్యవధి. మనం ఒక పేజీ చదువుతూ కూర్చున్నప్పుడు గీయవలసిన కొత్త విషయం ఏమీ ఉండదు. ఆ కొద్దిపాటి వ్యవధిలో సైతం చిప్‌లోని భాగాలకు కరెంటు తీసివేసి, అవసరమైన క్షణానికి మేల్కొల్పవచ్చు. మనం చదివే గంటసేపట్లో ఆ చిప్ లక్షలసార్లు పడుకొని లేస్తుందన్నమాట. కన్నుమూయటానికీ తెరవటానికీ పట్టే కాలంలో అనేక నిద్రలు!

వేగం తగ్గించినా కొంత లాభం లేకపోలేదు. చిప్ లోపల ఖర్చయ్యే విద్యుత్తు దాని వేగాన్ని బట్టి ఒక పాలు, వోల్టేజి వర్గాన్ని బట్టి ఒక పాలు మారుతుంది. వేగాన్ని సగం చేస్తే ఖర్చు సగమవుతుంది. వోల్టేజిని కూడా సగం చేయగలిగితే అందులో మళ్లీ నాలుగవ వంతే మిగులుతుంది. అయితే వోల్టేజి ఉన్నంతసేపూ, పని చేయకపోయినా, కొంత విద్యుత్తు కారుతున్న కుళాయిలోని నీటివలె పోతూనే ఉంటుంది. దానిని ఆపాలంటే ఆ భాగానికి సరఫరానే కత్తిరించాలి.

లెక్క చూద్దాం. ఒక లాప్‌టాప్ బ్యాటరీలో 50 వాట్-గంటల శక్తి నిలవ ఉన్నదనుకొందాం. తెర, చిప్‌లు, తక్కిన భాగాలు కలిసి 6 వాట్లు తీసుకొంటే ఎనిమిది గంటల 20 నిమిషాలు నడుస్తుంది. గ్రాఫిక్స్ చిప్ నిద్రపోక అదనంగా 9 వాట్లు తీసుకొంటే మొత్తం 15 వాట్లు. అప్పుడు మూడు గంటల 20 నిమిషాలే. తొమ్మిది వాట్లు ఒక చిన్న ఎల్‌ఇడి బల్బుకు పట్టేంత. ఇంటి మీటరులో అది లెక్కలోనికి రాదు. గోడకు ప్లగ్ పెట్టి వాడుకొనేవారికి ఆ సంగతి తెలియనే తెలియదు. ఫ్యాను కొంచెం ఎక్కువసేపు తిరుగుతుంది, అంతే. బ్యాటరీమీద ఆధారపడినవారికి మాత్రం అది సగానికి పైగా ఆయుర్దాయం. పరీక్షలముందు కరెంటు పోయిన రాత్రి ఆ అయిదు గంటల విలువ ఎంతో చదువుకొనే పిల్లలను అడగాలి.

ఇటువంటి లోపాలలో అతి ప్రసిద్ధమైనది 2011లో లైనక్స్ వ్యవస్థలో బయటపడింది. నిజానికి అది కేవలం గ్రాఫిక్స్ డ్రైవరు తప్పు కాదు. చిప్‌లను కలిపే దారులకు సంబంధించినది. అయినా తప్పు దొరికిన తీరు తెలుసుకొనదగినది. ఆ సంవత్సరం మార్చిలో లైనక్స్ 2.6.38 వెలువడింది. ఉబుంటు వంటి ప్రజాదరణ పొందిన వ్యవస్థలు దానిని స్వీకరించిన తరువాత, అనేక లాప్‌టాప్‌లలో బ్యాటరీ త్వరగా అయిపోతున్నదన్న ఫిర్యాదులు మొదలయ్యాయి. కంప్యూటరు భాగాల వేగాలను పరీక్షించే ఫోరోనిక్స్ సంస్థ నిర్వాహకుడు మైఖేల్ లారాబెల్ వాట్‌మీటరు పెట్టి కొలిచాడు. కొన్ని యంత్రాలలో విద్యుత్తు వాడకం 10 నుంచి 30 శాతం దాకా పెరిగినట్లు తేలింది.

పెరిగిందని తెలియటం ఒక ఎత్తు. ఎందుకు పెరిగిందో తెలియటం మరొక ఎత్తు. పాత కూర్పుకూ కొత్త కూర్పుకూ నడుమ వేలాది మార్పులు జరిగి ఉంటాయి. వాటిలో దోషి ఎవరు? దీనికొక చక్కని ఉపాయం ఉన్నది. మార్పుల వరుసను సరిగా సగానికి కోసి, నడిమి కూర్పును పరీక్షిస్తారు. అక్కడ వాడకం తక్కువగా ఉంటే దోషం తరువాతి సగంలో ఉన్నది. ఎక్కువగా ఉంటే ముందు సగంలో. ఆ సగాన్ని మళ్లీ సగం చేస్తారు. పదివేల మార్పులున్నా పద్నాలుగు పరీక్షలలో దోషి పట్టుబడతాడు. చెప్పటానికి సులువే గాని, ప్రతి పరీక్షకూ వ్యవస్థను కొత్తగా తయారుచేసి, యంత్రాన్ని తిరిగి నడిపించి, నిలకడగా కొలవాలి. కొలతలో ఒక్కసారి పొరపాటు జరిగితే అక్కడినుంచి వెదుకులాట అంతా తప్పు సగంలోనే సాగుతుంది.

చివరకు దొరికిన దోషి మంచి ఉద్దేశంతో చేసిన చిన్న మార్పు. చిప్‌ల నడుమ సమాచారం పోయే దారిని పీసీఐ ఎక్స్‌ప్రెస్ అంటారు. ఆ దారి ఖాళీగా ఉన్నప్పుడు దానినికూడా నిద్రపుచ్చవచ్చు. కొన్ని లాప్‌టాప్‌లలో యంత్రంలోనే పొదిగి ఉన్న బయాస్ అనే మూలప్రోగ్రాము, “ఈ యంత్రంలో ఆ సౌకర్యం లేదు” అని ఒక పట్టికలో వ్రాసి ఉంచుతుంది. వ్రాస్తూనే, చాటుగా తానే కొన్ని భాగాలకు ఆ సౌకర్యాన్ని అమర్చి పెడుతుంది. లైనక్స్ ఆ పట్టికను అక్షరాలా నమ్మి, అమర్చి ఉన్న సౌకర్యాన్నికూడా తీసివేసింది. విండోస్ మాత్రం అదే పట్టికను చూసి, తాను చేయి పెట్టకుండా ఉన్నదానిని ఉన్నట్లు వదిలివేసేది. పట్టిక తయారుచేసినవారు యంత్రాలను విండోస్‌తోనే సరిచూసుకొన్నారు గనుక, వారికి తేడా కనిపించలేదు. లైనక్స్ నిపుణుడు మాథ్యూ గారెట్ ఈ సంగతిని గ్రహించి, విండోస్ చేసినట్లే చేయించే దిద్దుబాటును 2011 చివరలో వ్రాశాడు. శాస్త్రం చెప్పినట్లు నడచినవాడు నష్టపోవటం, లోకం నడిచినట్లు నడచినవాడు బాగుపడటం కంప్యూటర్లలోకూడా ఉన్నదన్నమాట.

అదే రోజులలో గ్రాఫిక్స్ డ్రైవరులోనే మరొక చిక్కు నడుస్తున్నది. 2011 జనవరిలో ఇంటెల్ సంస్థ శాండీ బ్రిడ్జ్ అనే చిప్‌లను విడుదల చేసింది. వాటిలోని గ్రాఫిక్స్ భాగానికి ఆర్‌సి6 అనే గాఢనిద్ర ఉన్నది. ఆ నిద్రలోకి పోతే దాదాపు కరెంటే తీసుకొనదు. కాని లైనక్స్ డ్రైవరు దానిని అమలు చేసినప్పుడు కొన్ని యంత్రాలు నిద్రనుంచి సరిగా లేవలేదు. తెర బిగుసుకుపోయేది. ఆ సౌకర్యాన్ని అందరికీ పెట్టారు. ఫిర్యాదులు వస్తే తీసివేశారు. మళ్లీ పెట్టి మళ్లీ తీశారు. 2012 మే నెలలో వెలువడిన లైనక్స్ 3.4 నాటికిగాని అది అందరికీ స్థిరపడలేదు. అంతవరకు కోట్లు ఖర్చుపెట్టి చిప్‌లో పొదిగిన నిద్ర, లైనక్స్ వాడుకరులలో చాలమందికి దక్కలేదు.

ఇక్కడ డ్రైవరు వ్రాసేవారి స్థితిని కూడా అర్థం చేసుకొనాలి. చిప్‌ను నిద్రపుచ్చితే పదివేల యంత్రాలలో పది ఆగిపోవచ్చు. నిద్రపుచ్చకపోతే పదివేల యంత్రాలూ కొంచెం ఎక్కువ విద్యుత్తు తాగుతాయి. ఆగిపోయిన పదిమంది పెద్దగా అరుస్తారు. తక్కిన తొమ్మిదివేల తొమ్మిది వందల తొంభైమందికి జరిగిన నష్టమేమిటో వారికే తెలియదు. తమ బ్యాటరీ మంచిది కాదనుకొని ఊరుకొంటారు. కనబడే తప్పుకూ కనబడని తప్పుకూ నడుమ ఎంచుకొనవలసి వచ్చినప్పుడు, కనబడనిదానినే ఎంచుకొనటం మానవస్వభావం. తెర తానే బొమ్మను జ్ఞాపకం ఉంచుకొని, చిప్‌కు విశ్రాంతినిచ్చే ఏర్పాటు ఒకటి అనేక లాప్‌టాప్‌లలో ఉన్నది. తెర మిణుకుతున్నదన్న ఫిర్యాదులవల్ల దానినికూడా డ్రైవర్లు తరచు ఆపివేస్తూ వచ్చాయి.

రెండు గ్రాఫిక్స్ చిప్‌లున్న లాప్‌టాప్‌లలో ఈ వ్యవహారం మరింత జటిలం. ఒకటి మామూలు పనులకు మితంగా వాడుకొనేది, మరొకటి ఆటలకూ భారీ లెక్కలకూ బలమైనది. 2010లో ఎన్విడియా సంస్థ ఆప్టిమస్ పేరుతో ఒక ఏర్పాటు తెచ్చింది. అవసరమైనప్పుడే పెద్ద చిప్ మేల్కొని, పని తీరగానే పూర్తిగా ఆగిపోవాలి. విండోస్‌లో అది నడిచింది. లైనక్స్ వాడేవారికి ఆ సంస్థ తొలిరోజులలో తోడ్పాటు ఇవ్వలేదు. ఫలితంగా వారి యంత్రాలలో పెద్ద చిప్‌కు పనే ఉండేది కాదు, కాని దానికి కరెంటు ఆపేవాడూ ఉండేవాడు కాదు. ఏమీ చేయని అతిథి మూడుపూటలా భోంచేసినట్లు అది బ్యాటరీని తినేది. ఔత్సాహికులు బంబుల్‌బీ అనే ప్రోగ్రామును స్వయంగా వ్రాసుకొని కొంతవరకు నెట్టుకొని వచ్చారు. 2012 జూన్‌లో ఫిన్లాండ్‌లోని ఆల్టో విశ్వవిద్యాలయ సభలో ఒక వనిత లేచి ఈ ఆప్టిమస్ సమస్యనే ప్రస్తావించినప్పుడు, లైనక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ సభామర్యాద మరచి, కెమెరావైపు వేలు చూపి ఆ సంస్థను తిట్టాడు. ఆ తిట్టు లోకమంతా పాకింది. దాని వెనుక ఉన్నది బ్యాటరీ బాధ అన్న సంగతి చాలమంది మరచిపోయారు.

బర్మామైన్స్ పక్కగా పోయే రైలుమార్గంలో కలకత్తావైపు రెండు గంటలు ప్రయాణిస్తే ఖరగ్‌పూర్ వస్తుంది. అక్కడి ఐ.ఐ.టి.లో ఎం.టెక్. చదివిన తెలుగువాడు రాజా కోడూరి గ్రాఫిక్స్ చిప్‌ల లోకంలో పెద్ద పేరు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఇంజనీరింగు ముగించి ఖరగ్‌పూర్ వెళ్లిన ఆయన తరువాత అమెరికాలో ఏటీఐ, ఆపిల్, ఏఎండీ సంస్థలలో పనిచేసి, 2017లో ఇంటెల్‌లో చేరాడు. దశాబ్దాల తరబడి చిన్న గ్రాఫిక్స్ భాగాలతో సరిపెట్టుకొన్న ఇంటెల్, ఆయన నాయకత్వంలో ఆర్క్ పేరుతో పెద్ద గ్రాఫిక్స్ చిప్‌లను 2022లో బజారుకు తెచ్చింది. మార్చిలో లాప్‌టాప్‌లకు, అక్టోబరులో బల్లమీది కంప్యూటర్లకు పెద్ద కార్డులు వచ్చాయి. ఆ కార్డులను పరీక్షించినవారు ఒక వింత గమనించారు. తెరమీద ఏమీ కదలకపోయినా అవి 40 వాట్ల దాపున తీసుకొంటున్నాయి. పోటీ సంస్థల కార్డులు అదే స్థితిలో అందులో సగం కూడా తీసుకొనేవి కావు.

ఇంటెల్ ఇచ్చిన సమాధానం పై కథను గుర్తు చేస్తుంది. బయాస్‌లోకి వెళ్లి పీసీఐ ఎక్స్‌ప్రెస్ దారి నిద్రను అనుమతించాలి. విండోస్‌లో ఆ దారికి సంబంధించిన పొదుపును గరిష్ఠంగా పెట్టాలి. అప్పుడు కార్డు నిద్రపోతుంది. పదకొండేళ్ల తరువాత, మరొక వ్యవస్థలో, మరొక సంస్థ చేతిలో అదే దారి, అదే నిద్ర! చిప్ చేసినవారొకరు, యంత్రం కూర్చినవారొకరు, వ్యవస్థ వ్రాసినవారొకరు. ముగ్గురూ తలుపు మూస్తేనే ఇల్లు మూసినట్లు. ఒకరు తెరచి ఉంచినా చాలు. ఆర్క్ డ్రైవర్లు క్రమంగా మెరుగుపడ్డాయి. కోడూరి 2023లో ఇంటెల్‌ను వదిలి సొంత సంస్థ పెట్టుకొన్నాడు.

పెద్ద సంస్థలలో ఏదీ ఈ దోషానికి అతీతం కాదు. 2022 డిసెంబరులో ఏఎండీ విడుదల చేసిన 7900 శ్రేణి కార్డులు, రెండు తెరలు తగిలించినప్పుడు పని లేకుండానే వంద వాట్ల దాపున తీసుకొన్నట్లు కొలతలలో కనిపించింది. సంస్థ తన డ్రైవరు ప్రకటనలలోనే దానిని తెలిసిన లోపాల జాబితాలో వేసి, మరుసటి సంవత్సరమంతా విడతలుగా దిద్దుకొంటూ వచ్చింది. 2023 ఫిబ్రవరి చివర ఎన్విడియా ఇచ్చిన 531.18 డ్రైవరుతో ఇంకొక తమాషా జరిగింది. ఆట ఆడి మూసివేసిన తరువాతకూడా, ఆటల వివరాలు సేకరించి పంపే ఒక ఉపభాగం ఆగక, ప్రధాన ప్రాసెసరును పది శాతానికి పైగా వాడుతూ ఉండిపోయేది. గ్రాఫిక్స్ చిప్ పడుకొన్నా దాని గుమాస్తా పడుకొనలేదన్నమాట. వారం రోజులలో సవరణ వచ్చింది.

రెండు తెరల విషయం కొంచెం వివరించటం అవసరం, ఎందుకంటే ఇది దోషమా, స్వభావమా అన్న సందేహం తరచు వస్తుంది. చిప్‌కు తోడుగా ఉండే జ్ఞాపకశక్తి భాగం వేగాన్ని మార్చేటప్పుడు లిప్తపాటు సమాచారం ఆగుతుంది. ఆ లిప్త తెరమీద కనబడకుండా ఉండాలంటే, తెర ఒక బొమ్మ ముగించి మరొక బొమ్మ మొదలుపెట్టే నడిమి విరామంలోనే వేగం మార్చాలి. సెకనుకు 144 సార్లు మారే తెరలలో ఆ విరామం మరీ చిన్నది. రెండు వేరువేరు తెరలుంటే రెండింటి విరామాలూ ఒకేసారి కలిసి రావు. కనుక డ్రైవరు వేగం తగ్గించే ప్రయత్నమే మానుకొని, జ్ఞాపకశక్తిని పూర్తి వేగంతో నిలబెడుతుంది. వీలున్నచోటకూడా ఆ ప్రయత్నం మానుకొంటే అది దోషం. నిజంగా వీలులేకపోతే అది పరిమితి. వాడుకొనేవాడికి చేతనైన పని ఒకటి ఉన్నది. బ్యాటరీమీద ఉన్నప్పుడు తెర వేగాన్ని 60కి తగ్గించుకొంటే చదువుకూ వ్రాతకూ ఏ లోటూ రాదు.

వీడియోల విషయంలోనూ ఇటువంటిదే ఒక ఇబ్బంది. కుదించి పంపిన వీడియోను విప్పటానికి గ్రాఫిక్స్ చిప్‌లో ప్రత్యేక యంత్రాంగం ఉంటుంది. అది కొద్ది విద్యుత్తుతో ఆ పని చేస్తుంది. డ్రైవరు సరిగా లేకపోతే బ్రౌజరు ఆ యంత్రాంగాన్ని చేరలేక, భారమంతా ప్రధాన ప్రాసెసరుమీద వేస్తుంది. బొమ్మ మాత్రం చక్కగానే కనబడుతుంది. కనుక ఎవరికీ అనుమానం రాదు. పాఠం వింటున్నంతసేపూ ఫ్యాను ఈలవేస్తుంటే అనుమానించవలసిందే.

మరి, బ్యాటరీ కొనటానికి బయలుదేరేముందు ఇంటిలోనే తేల్చుకొనే మార్గమేమిటి? విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరచి, పవర్‌సీఎఫ్‌జీ అని, కొంచెం ఎడమిచ్చి, ఏటవాలు గీత పెట్టి, బ్యాటరీరిపోర్ట్ అని ఆంగ్లంలో కొడితే ఒక నివేదిక తయారవుతుంది. అందులో రెండు అంకెలు ముఖ్యం. ఒకటి బ్యాటరీ పుట్టినప్పటి సామర్థ్యం, రెండవది ఇప్పుడు పూర్తిగా నిండితే పట్టే సామర్థ్యం. మొదటిది 50, రెండవది 45 అయితే బ్యాటరీ ఆరోగ్యంగానే ఉన్నది, నిందితుడు వేరొకడు. రెండవది 20కి దిగజారి ఉంటే మరమ్మతు చేసేవాడి మాటే నిజం. ఇంత చిన్న పరీక్ష చేయకుండా వేల రూపాయల భాగాన్ని మార్చమని చెప్పటం మరమ్మతు అనిపించుకొనదు. లైనక్స్ వాడేవారికి పవర్‌టాప్ అనే ప్రోగ్రాము ఉన్నది. 2007లో ఇంటెల్ నిపుణులు దీనిని విడుదల చేసినప్పుడు, తమ యంత్రాన్ని అకారణంగా నిద్రలేపుతున్న ప్రోగ్రాముల పేర్లు చూసి వాటిని వ్రాసినవారే నివ్వెరపోయారు.

బ్యాటరీ నిర్దోషి అని తేలితే, ఎప్పటినుంచి ఈ మార్పు వచ్చిందో, ఆ రోజులలో ఏ డ్రైవరు మారిందో చూడాలి. విండోస్‌లోని డివైస్ మేనేజరులో గ్రాఫిక్స్ భాగం తెరిస్తే డ్రైవరు తేదీ కనబడుతుంది. పాతదానికి మళ్లే మీట కూడా అక్కడే ఉంటుంది. అది పనిచేయకపోతే లాప్‌టాప్ తయారుచేసిన సంస్థ వెబ్‌సైటునుంచి ఆ నమూనాకు ఉద్దేశించిన డ్రైవరును తెచ్చుకొనటం మేలు. చిప్ సంస్థ ఇచ్చే సరికొత్తది అన్నివేళలా ఆ యంత్రానికి మంచిది కాకపోవచ్చు. అన్ని డ్రైవర్లనూ ఒక్క నొక్కుతో కొత్తవి చేస్తామని డబ్బు అడిగే ప్రోగ్రాముల జోలికి పోకపోవటం క్షేమం. పాత డ్రైవరులోనే ఉండిపోవటంకూడా చిరకాలపు పరిష్కారం కాదు, ఎందుకంటే రక్షణకు సంబంధించిన సవరణలుకూడా కొత్తవాటితోనే వస్తాయి. సవరించిన కూర్పు వచ్చేవరకు తలదాచుకొనే చోటు మాత్రమే అది.

ఆలస్యం చేస్తే మరొక విపరీతం జరుగుతుంది. లిథియం బ్యాటరీ మామూలుగా మూడువందలనుంచి అయిదువందల సార్లు నిండి ఖాళీ అయ్యేసరికి అయిదవ వంతు సామర్థ్యం కోల్పోతుంది. వేడి ఆ క్షీణతను త్వరపెడుతుంది. డ్రైవరు దోషంవల్ల రోజుకు ఒకసారి నింపవలసిన బ్యాటరీని రెండుసార్లు నింపుతారు. అది రోజంతా వేడిమీదనే ఉంటుంది. ఏడాది తిరిగేసరికి బ్యాటరీ నిజంగానే పాడవుతుంది. మొదట అబద్ధమైన మాట చివరకు నిజమవుతుంది. అప్పుడు నివేదిక తీసి చూసినా అసలు కారణం అందులో కనబడదు.

ఆ నివేదికను కొత్త లాప్‌టాప్ కొన్న వారంలోనే ఒకసారి తీసి, ఏ పనీ లేనప్పుడు గంటకు ఎంత శాతం తగ్గుతున్నదో ఒక కాగితంమీద తేదీతో వ్రాసి రసీదుతోపాటు దాచుకొన్నవారికి పని మరింత సులువు. తరువాత ఎప్పుడు అనుమానం కలిగినా అదే పరీక్ష మళ్లీ చేసి రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టి చూసుకొనవచ్చు. దీనికి ఒక గంట సమయం, తెర వెలుగు రెండుసార్లూ ఒకే మట్టంలో ఉంచాలన్న జాగ్రత్త తప్ప మరేమీ అక్కరలేదు.